సూత్రాన్ని తిరగరాయడం: చివర వేసిన ముడిని ముందు విప్పాలి

బెంగళూరు మారతహళ్లిలో మేముండే అపార్టుమెంటులో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి సాయంత్రం పూట లెక్కల నోటుబుక్కు పట్టుకుని మా ఇంటికి వస్తూ ఉంటుంది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో ఇంగ్లిషు మాట్లాడే ఈ ఊరి తెలుగు పిల్లలందరిలాగే ఆమె కూడా లెక్క ఇంగ్లిషులో చదివి, సందేహం మాత్రం తెలుగులో అడుగుతుంది. ఒకరోజు సెల్సియస్‌ను ఫారన్‌హీట్‌లోకి మార్చే సూత్రాన్ని ఇచ్చి, దాని నుంచి సెల్సియస్‌కు సూత్రం రాబట్టమని బడిలో అడిగారట. ఇచ్చిన సూత్రం ఇది.

ఫా = 9సె/5 + 32

ఆ అమ్మాయి రాబట్టినది ఇది.

సె = 5ఫా/9 − 32

నీళ్లు 212 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర మరుగుతాయి కాబట్టి ఆ సంఖ్యను ఇందులో పెట్టి చూడమన్నాను. 1060ని 9తో భాగించి 32 తీసేస్తే సుమారు 86 వచ్చింది, రావలసింది 100. "అన్నీ అవతలికి తీసుకెళ్లాను అంకుల్, గుర్తులు కూడా మార్చాను" అంది. నిజమే, కూడిక తీసివేత అయింది, 9/5 తిరగబడి 5/9 అయింది, గుర్తుల్లో ఒక్క పొరపాటూ లేదు. తప్పంతా వరుసలో ఉంది. సూత్రాన్ని తిరగరాయడంలో పిల్లలు చేసే తప్పుల్లో నేను చూసినవి చాలావరకు ఈ రకానివే. "అవతలికి పోతే గుర్తు మారుతుంది" అన్న ఒక్క వాక్యాన్ని మంత్రంలా నేర్చుకోవడం వల్ల వచ్చినవే.

ముందుగా అక్షరాల సంగతి చెప్పాలి. పాఠ్యపుస్తకాల్లో ఎక్స్, వై వంటి అక్షరాలుంటాయి. ఇక్కడ నేను రాశి పేరులోని మొదటి అక్షరాన్నే గుర్తుగా వాడుతున్నాను: దూరానికి దూ, ఛార్జీకి ఛా. ఇది నేను కొత్తగా కనిపెట్టిన పద్ధతి కాదు. 12వ శతాబ్దిలో భాస్కరాచార్యుడు తెలియని రాశులకు యావత్తావత్తు, కాలకం, నీలకం అని పేర్లు పెట్టి, వాటి మొదటి అక్షరాలు యా, కా, నీ అని రాసి లెక్కలు చేశాడు. బడిలో రాసేటప్పుడు వీటి స్థానంలో మీ పుస్తకంలోని అక్షరాలు పెట్టుకుంటే సరిపోతుంది.

సమానం గుర్తుకు ఎడమ వైపున ఒంటరిగా నిలిచిన రాశిని ఇంగ్లిషు పుస్తకాలు సబ్జెక్ట్ అంటాయి. దాన్ని నేను కర్త అంటాను. "రాముడు రావణుని చంపెను" అన్నా, "రామునిచే రావణుడు చంపబడెను" అన్నా జరిగిన సంగతి ఒక్కటే. వాక్యంలో ముందుకొచ్చి నిలబడిన పేరు మాత్రం మారింది. సూత్రంలోనూ అంతే. (రెండో వాక్యంలో కూడా కర్త రాముడేనని వ్యాకరణం చదువుకున్నవారు అంటారు, వారి మాట నిజమే, ఈ ఒక్క పోలిక వరకు నన్ను మన్నించాలి.) తిరగరాసిన సూత్రం కొత్త సంగతేదీ చెప్పదు, చెప్పకూడదు కూడా. పాత సూత్రానికి సరిపోయిన సంఖ్యలన్నీ కొత్త దానికి సరిపోవాలి, సరిపోనివేవీ సరిపోకూడదు. ఆ హామీ దక్కాలంటే సమానం గుర్తుకు రెండు వైపులా ఒకే పని చేయాలి. అవతలికి తీసుకెళ్లడం అన్న మాటకు గణితంలో వేరే అర్థం లేదు. రెండు వైపులా 32 తీసివేసినప్పుడు కుడి వైపున అది రద్దయి, ఎడమ వైపున −32గా కనిపిస్తుంది, అంతే.

ఇక పని మొదలుపెట్టే ముందు చేయవలసింది పెన్ను పక్కన పెట్టి సూత్రాన్ని చదవడం. మనకు కావలసిన రాశికి ఏ వరుసలో ఏమేమి జరిగిందో నోటితో చెప్పుకోవాలి. బెంగళూరు ఆటో ఛార్జీని తీసుకుందాం. 2025 ఆగస్టు 1 నుంచి మీటరు ప్రకారం మొదటి 2 కిలోమీటర్లకు 36 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 18 రూపాయలు. మీటరు వేసే ఆటో దొరికిందనే అనుకుందాం.

ఛా = 36 + 18(దూ − 2)

దూరానికి ఏం జరిగింది? మొదట అందులోంచి 2 తీసేశారు, తర్వాత 18తో గుణించారు, చివర 36 కలిపారు. మూడు ముడులు వేశారన్నమాట. చివర వేసిన ముడి పైన ఉంటుంది కాబట్టి విప్పేటప్పుడు దానితోనే మొదలుపెట్టాలి: ముందు 36 తీసేయాలి, తర్వాత 18తో భాగించాలి, చివర 2 కలపాలి.

ఛా − 36 = 18(దూ − 2)
(ఛా − 36)/18 = దూ − 2
దూ = (ఛా − 36)/18 + 2

మీటరు 162 రూపాయలు చూపిస్తే, 36 పోగా 126, 18తో భాగిస్తే 7, 2 కలిపితే 9 కిలోమీటర్లు. గుణించినదాన్ని భాగించి, కలిపినదాన్ని తీసివేసి, చివరి నుంచి మొదటికి నడిచే ఈ విలోమ పద్ధతిని ఆర్యభటుడు 499 నాటికే తన ఆర్యభటీయంలోని గణితపాదం అనే భాగంలో ఒక శ్లోకంలో ఇమిడ్చాడు. అందులో అవతల, ఇవతల అన్న మాట లేదు. గుణకం భాజకమవుతుంది, కూడిక తీసివేత అవుతుంది అన్న విలోమమే ఉంది.

ఈ ఆటో సూత్రాన్ని ఇంతటితో వదిలేయబుద్ధి కావడం లేదు. కుడి వైపున బ్రాకెట్టు విప్పి చూడండి: 36 + 18దూ − 36. రెండు 36లూ కొట్టుకుపోయి, ఛా = 18దూ మిగులుతుంది. అంటే 2 కిలోమీటర్లు దాటిన ప్రయాణానికి మొదటి ఛార్జీ, అదనపు ఛార్జీ అన్న లెక్కే అక్కరలేదు. మొత్తం దూరాన్ని 18తో గుణిస్తే చాలు. మొదటి 2 కిలోమీటర్లకు కూడా కిలోమీటరుకు సరిగ్గా 18 పడటం వల్ల ఇలా కలిసివచ్చింది. దీన్ని ఆ అమ్మాయికి చూపించినప్పుడు, "మరి ఇంత పెద్ద సూత్రం ఎందుకు రాశారు?" అని అడిగింది. మంచి ప్రశ్నే. 2 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి రెండు సూత్రాలూ పనికిరావు, అక్కడ ఛార్జీ ఎప్పుడూ 36 రూపాయలే. అందుకే మీటరు 36 చూపిస్తే మనం తిరగరాసిన సూత్రం 2 కిలోమీటర్లని చెబుతుంది కానీ, మీరు అర కిలోమీటరు దగ్గరే దిగిపోయి ఉండవచ్చు. సూత్రాన్ని తిరగరాసినప్పుడు అది ఏ హద్దుల్లో చెల్లుతుందో ఆ హద్దును కూడా వెంట తీసుకురావాలి. రాత్రి 10 నుంచి ఉదయం 5 వరకు ఛార్జీ ఒకటిన్నర రెట్లు కాబట్టి అప్పుడు ఇంకో ముడి పడుతుంది. దాన్ని అందరికంటే చివర వేశారు గనక 1.5తో భాగించడం అన్నిటికంటే ముందు జరగాలి. రాత్రి మీటరు 243 చూపిస్తే, ముందు 162 చేసుకుని, తక్కినదంతా పైన చేసినట్టే చేయాలి.

ఇప్పుడు ఆ అమ్మాయి నోటుబుక్కుకు తిరిగి వద్దాం. సెల్సియస్‌ను 9/5తో గుణించి, చివర 32 కలిపారు. కాబట్టి ముందు 32 పోవాలి, ఆ మిగిలినదాన్నంతా 5/9తో గుణించాలి.

సె = 5(ఫా − 32)/9

జ్వరం 104 ఉంటే 72ను 5తో గుణించి 9తో భాగించాలి, 40 వస్తుంది. బ్రాకెట్టే ఇక్కడ ప్రాణం. ఆమె ముందు 5/9తో గుణించింది, అది కూడా నేరం కాదు. కానీ ఆ పని 32కు కూడా చేయాలి. రెండు వైపులా ప్రతి పదాన్నీ 5/9తో గుణిస్తే 5ఫా/9 = సె + 160/9 అవుతుంది, అప్పుడు 160/9 తీసేస్తే సరైన జవాబే వస్తుంది. వరుస మార్చుకోవచ్చు, కానీ ఒక వైపును గుణించామంటే ఆ వైపున ఉన్నవారందరికీ వడ్డించాలి. పంక్తిలో ఒకరికి వేసి పక్కవారిని వదిలేయకూడదు. ముడులు విప్పే వరుస పాటిస్తే ఈ భిన్నాల గొడవ రాదు కాబట్టి నేను దాన్నే నేర్పుతాను.

కావలసిన రాశి ముందు మైనస్ ఉన్నప్పుడు ఇంకో రకం తడబాటు వస్తుంది. మెట్రో కార్డులో 500 రూపాయలు వేసి, రోజుకు 45 రూపాయల చొప్పున తిరిగితే మిగిలే డబ్బు ఇది.

మి = 500 − 45రో

ఇక్కడ రోజుల సంఖ్య కావాలంటే, 500ను ముందు తీసేసి మి − 500 = −45రో అని రాసి, ఆ తర్వాత మైనస్‌ను మరచిపోయేవారే ఎక్కువ. నేను చెప్పే ఉపాయం వేరు: కావలసిన రాశి మైనస్‌తో కనిపించగానే, వేరే పనులన్నీ ఆపి, ఆ పదాన్ని రెండు వైపులా కలపాలి.

మి + 45రో = 500
45రో = 500 − మి
రో = (500 − మి)/45

కార్డులో 230 మిగిలితే 6 రోజులు గడిచాయని తెలుస్తుంది. తీసివేసిన పదాన్ని ఇలా తిరిగి కలిపి భర్తీ చేయడాన్ని 9వ శతాబ్దిలో బాగ్దాదులో పనిచేసిన అల్-ఖ్వారిజ్మీ అరబ్బీలో అల్-జబ్ర్ అన్నాడు. ఆల్జీబ్రా అన్న పేరు పుట్టింది ఆ మాట నుంచే.

కావలసిన రాశి హారంలో ఉన్నా ఇదే దారి: ముందు దాన్ని కిందనుంచి పైకి తేవాలి. వేగం = దూరం/కాలం అన్నప్పుడు కాలం కావాలంటే, రెండు వైపులా కాలంతో గుణించి, తర్వాత వేగంతో భాగించాలి. బెంగళూరు నుంచి చెన్నైకి రోడ్డు మీద సుమారు 350 కిలోమీటర్లు, సగటున గంటకు 70 కిలోమీటర్లు పోగలిగితే 5 గంటలు. చాలా ట్యూషన్లలో దీనికి ఒక త్రిభుజం గీసి, కావలసినదాన్ని వేలితో మూయమంటారు. పరీక్ష ముందు రోజుకు అది పనికొస్తుందేమో కానీ, మూడు రాశులు దాటగానే, ఒక కూడిక గుర్తు రాగానే ఆ త్రిభుజం చేతులెత్తేస్తుంది. అందుకే నేను దాన్ని నేర్పను.

భిన్నాల కూడికలో మాత్రం నిజంగా నెమ్మదించాలి. సమాంతరంగా కలిపిన రెండు నిరోధాలు క, గ అయితే, వాటి ఫలిత నిరోధం ఫ ఇలా వస్తుంది.

1/ఫ = 1/క + 1/గ

ఇందులో గ కావాలి. 1/గ = 1/ఫ − 1/క అన్నంతవరకు అందరూ సరిగ్గానే వస్తారు. ఆ వెంటనే అన్నిటినీ తలకిందులు చేసి గ = ఫ − క అని రాసేస్తారు. భిన్నాన్ని తిరగేయవచ్చు, కానీ రెండు వైపులా ఒక్కొక్క భిన్నమే ఉన్నప్పుడు మాత్రమే. కుడి వైపున రెండు ఉన్నాయి గనక ముందు వాటిని ఒకటి చేయాలి.

1/గ = (క − ఫ)/(ఫ × క)
గ = (ఫ × క)/(క − ఫ)

ఫలితం 4 ఓములు, ఒక నిరోధం 6 ఓములు అయితే రెండోది 24/2, అంటే 12 ఓములు. తప్పుడు సూత్రం −2 ఇస్తుంది. అలాంటి నిరోధం ఈ లెక్కలో ఉండదని పదో తరగతి పిల్లలెవరైనా చెప్పగలరు. సరైన సూత్రం ఇంకో సంగతి కూడా చెబుతోంది: హారంలో క − ఫ ఉంది కాబట్టి క ఎప్పుడూ ఫ కంటే పెద్దదే అయి ఉండాలి. దర్పణాల, కటకాల సూత్రాలు కూడా ఈ అచ్చులోనివే. వాటికి విడిగా ఇంకో పద్ధతి అక్కరలేదు.

వర్గాలు, వర్గమూలాల సంగతి తొందరగా ముగించవచ్చు, ఎందుకంటే వర్గం కూడా ఒక ముడే, వర్గమూలం దాన్ని విప్పే వేలు. మేడ మీద పెట్టే గుండ్రటి నీళ్ల ట్యాంకు ఘనపరిమాణం ఘ, వ్యాసార్ధం వ్యా, ఎత్తు ఎ అనుకుంటే, ఘ = పై × వ్యా² × ఎ (పై అంటే π). వ్యాసార్ధాన్ని ముందు వర్గం చేశారు, తర్వాత గుణించారు. కాబట్టి ముందు భాగించి, చివర మూలం తీయాలి.

వ్యా = √(ఘ/(పై × ఎ))

1000 లీటర్లంటే ఒక ఘనపు మీటరు. ఎత్తు 1.2 మీటర్లయితే వ్యాసార్ధం సుమారు 0.515 మీటర్లు, అడ్డంగా కొలిస్తే 1.03 మీటర్లు. మెట్ల దారి వెడల్పు మీటరే అయితే ఆ ట్యాంకును నిలువుగా పట్టుకుని పైకి చేర్చలేరు. వర్గమూలానికి రుణ విలువ కూడా ఉంటుంది కానీ వ్యాసార్ధం రుణం కాలేదు గనక దాన్ని ఇక్కడ వదిలేస్తాం. వట్టి అక్షరాల లెక్కలో మాత్రం ప్లస్, మైనస్ రెండూ రాయాలి. మూలం లోపల చిక్కుకున్న రాశికి ఇదే వ్యతిరేక దిశలో చేయాలి. లోలకం సూత్రం కా = 2 × పై × √(పొ/గు) లో (కా అంటే ఒకసారి అటూ ఇటూ ఊగడానికి పట్టే కాలం, పొ అంటే పొడవు, గు అంటే గురుత్వ త్వరణం) పొడవు కావాలంటే, ముందు 2 × పైతో భాగించి, తర్వాత వర్గం చేస్తే పొ = గు × కా²/(4 × పై²) వస్తుంది. భాగించకుండానే వర్గం చేసేవారు 2ను, పైను వర్గం చేయడం మరచిపోతారు. ఒకసారి అటూ ఇటూ ఊగడానికి 2 సెకన్లు పట్టే లోలకం పొడవు దాదాపు ఒక మీటరు అన్నది గుర్తుంటే ఆ తప్పు వెంటనే దొరుకుతుంది.

ఇంతవరకు మనకు కావలసిన రాశి సూత్రంలో ఒక్కసారే కనిపించింది. రెండుసార్లు కనిపిస్తే ముడులు విప్పే పద్ధతి ఒక్కటే చాలదు, ముందు రెంటినీ ఒక చోటికి చేర్చాలి. మన వాళ్లు అప్పు మాట్లాడుకునేటప్పుడు "రెండు రూపాయల వడ్డీ" అంటే నూటికి నెలకు రెండు రూపాయలని అర్థం. అసలు అ, వడ్డీ ధర ధ, నెలలు నె అయితే తిరిగి కట్టవలసిన మొత్తం ఇది.

మొ = అ + (అ × ధ × నె)/100

అసలు ఎంతో రాబట్టాలి. ఎడమ వైపుకు ఒక అ ను తీసుకెళ్లి అ = మొ − (అ × ధ × నె)/100 అని రాసి, అయిపోయిందనుకున్న నోటుబుక్కులు చాలా చూశాను. అసలును తెలుసుకోవడానికి అసలే కావలసివస్తే అది జవాబు కాదు. చేయవలసింది ఉమ్మడి కారణాంకాన్ని బయటికి తీయడం.

మొ = అ(1 + (ధ × నె)/100)
అ = 100 × మొ/(100 + ధ × నె)

రెండు రూపాయల వడ్డీకి 12 నెలలు ఉంచుకుని 62,000 కట్టినవారు తీసుకున్న అసలు 62,00,000/124, అంటే 50,000. ఆ 62,000లోంచే నూటికి 24 తీసేస్తే 47,120 వస్తుంది. ఈ తప్పు పిల్లలకే పరిమితం కాదు. జీఎస్టీ కలిపిన ధర నుంచి అసలు ధర తీయబోయి పెద్దవాళ్లూ చేస్తుంటారు. వడ్డీ కట్టేది అసలు మీద, మొత్తం మీద కాదు.

కావలసిన రాశి హారంలోనూ లవంలోనూ ఉన్నప్పుడు ఈ పనులన్నీ ఒకేచోట కలుస్తాయి.

క = (2గ + 3)/(గ − 5)

గ కావాలి. ముందు హారాన్ని పోగొట్టాలి, బ్రాకెట్టు విప్పాలి, గ ఉన్న పదాలన్నిటినీ ఒక వైపుకు, లేనివాటిని ఇంకో వైపుకు చేర్చాలి, గ ను ఉమ్మడిగా బయటికి తీసి భాగించాలి.

క(గ − 5) = 2గ + 3
కగ − 5క = 2గ + 3
కగ − 2గ = 5క + 3
గ(క − 2) = 5క + 3
గ = (5క + 3)/(క − 2)

చివరి మెట్టులో క − 2తో భాగించాం కాబట్టి క విలువ 2 కాకూడదు. అది కేవలం రాతలోని ఇబ్బంది కాదు. మొదటి సూత్రంలో క బదులు 2 పెట్టి చూస్తే 2గ − 10 = 2గ + 3 అవుతుంది, అంటే −10కీ 3కీ తేడా లేదనాలి; ఏ గ పెట్టినా ఇది జరగదు.

జవాబు వచ్చాక సరిచూసుకోవడానికి అర నిమిషం చాలు. గ కు ఒక సంఖ్య ఇచ్చి, పాత సూత్రంతో క కట్టి, ఆ క ను కొత్త సూత్రంలో పెడితే మొదటి సంఖ్యే తిరిగి రావాలి. ఇక్కడ గ = 6 అంటే క = 15, కొత్త సూత్రంలో 78/13, అంటే 6, సరిపోయింది. ఈ సంఖ్యను ఎంచుకోవడంలో ఒక జాగ్రత్త ఉంది, దీన్ని నేను కూడా ఆలస్యంగానే గమనించాను: 0, 1, 2 పెట్టకూడదు. 1తో గుణించినా భాగించినా ఒకటే, 2ను రెట్టింపు చేసినా వర్గం చేసినా 4 వస్తుంది, 0 పెడితే సగం పదాలు మాయమవుతాయి. తప్పు సూత్రాలు కూడా ఆ సంఖ్యల దగ్గర దొరక్కుండా తప్పించుకుంటాయి. ఆ అమ్మాయి ఇప్పుడు ఎప్పుడూ 7 పెట్టి చూస్తోంది. భాగహారం చేసేటప్పుడు విసుక్కుంటుంది గానీ, సంఖ్య మాత్రం మార్చదు.